పది వేల ఒకటో పెంకు

టప్.

సత్తు గిన్నెలో చుక్క పడింది.

బయట వాన పెద్దది. లోపల వాన చిన్నది. బయటి వాన దివిసీమ మొత్తానికి. లోపలి వాన ఒక్క గిన్నెకి.

పైన ఎర్ర పెంకులు. కొత్తవి. తడిస్తే కాల్చిన మట్టి వాసన. వాటి మధ్య, దూలానికి కాస్త ఎడంగా, ఒక పెంకంత ఆకాశం.

సరిగ్గా ఒక్క పెంకంత.

టప్.

ఆ ఆకాశానికి కారణం ఒక సంఖ్య. ఆ సంఖ్యకి కారణం ఒక దణ్ణం. మధ్యలో ఎక్కడో నేనున్నాను. మధ్యలో ఏమిటి... కంత కింద నిలబడి పైకి చూస్తే కనిపించేది నేనే.

*

పది వేల ఒకటి.

అంకెల్లో రాస్తే 10001. అటొక ఒకటి, ఇటొక ఒకటి, మధ్యలో మూడు సున్నాలు. గేటుకి రెండు పక్కలా ఇద్దరు కాపలావాళ్ళు, లోపల మూడు ఖాళీ ఇళ్ళు. ముందు నుంచి చదివినా అదే మొహం. వెనక నుంచి వచ్చినా అదే మొహం. దొడ్డిదారి లేని సంఖ్య.

దానికి ఎవరన్నా పడదు.

రెండు వెళ్ళి తలుపు తట్టింది. ఒకటి మిగిల్చి పంపేసింది. మూడు వెళ్ళింది. రెండు మిగిల్చింది. ఐదుకి ఒకటి. ఏడు వెళితే ఐదు మిగిల్చి మొహాన కొట్టింది. పదకొండు, పదమూడు, పదిహేడు... డెబ్బై ఒకటి దాకా ఇరవై ప్రధాన సంఖ్యలు వరసకట్టాయి. అవి మాత్రం తక్కువ తిన్నాయా. ఒకటినీ తమనీ తప్ప ఇంకెవరినీ గడప తొక్కనివ్వని మొండి ఘటాలు. అలాంటి ఇరవైయింటినీ గుమ్మంలోంచే తరిమింది.

ఇరవైయొకటోది వెళ్ళింది.

డెబ్బై మూడు.

తలుపు తెరుచుకుంది. లోపల కాళ్ళు బారజాపుకుని నూట ముప్ఫై ఏడు కూర్చుని ఉంది.

అంతే. ఆ ఇద్దరే. డెబ్బై మూణ్ణి నూట ముప్ఫై ఏడుతో హెచ్చవేస్తే పది వేల ఒకటి. మూడో మనిషికి చోటు లేదు.

పది వేలు అలా కాదు. పది వేలు మెతక మనిషి. రెండు, నాలుగు, ఐదు, ఎనిమిది, పది, పాతిక, నలభై, ఎనభై, నూరు, నూట పాతిక — ఎవరొచ్చినా చాప వేస్తుంది. మూడూ ఏడూ వస్తే మాత్రం కాస్త మొహమాటపడుతుంది.

పక్కపక్క ఇళ్ళు అవి. ఒకటి మెతక, ఒకటి మొండి. మధ్యలో ఒక్కటే గోడ.

ఆ గోడ మందం ఒకటి.

*

నాగాయలంక దాటాక, రోడ్డుకి విసుగొచ్చి ఆగిపోయిన చోట మా ఊరు. గుల్లలదిబ్బ. అటు మడచెట్లు, ఇటు ఉప్పుమళ్ళు. తొంభైలో మే నెల తుఫానుకి ఊళ్ళో కప్పు అన్నది మిగల్లేదు. మా తాటాకు కప్పు ఏలూరు మీదుగా వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసిందని మా అమ్మ ధనమ్మ చెబుతుంది. ఆవిడ అబద్ధం ఆడదు. ఆడితే నాలాగే ఆడుతుంది.

ఎనభై ఇళ్ళు.

మురుగుకాలవకి ఇవతల డెబ్బై మూడు. అవతల ఏడు.

అవతలివాళ్ళు ఉప్పుమళ్ళలో పనికి వచ్చి ఉండిపోయినవాళ్ళు. వచ్చి పదిహేనేళ్ళయింది. ఊరు మాత్రం వాళ్ళని నిన్న సాయంత్రం బస్సు దిగినట్టే చూస్తుంది. ఎండ చూస్తుంది, వాన చూస్తుంది, పోటు నీరు చూస్తుంది — అవన్నీ ఇవతలివాళ్ళని చూసినట్టే అవతలివాళ్ళనీ చూస్తాయి. ఊరే చూడదు.

ఆగస్టులో బందరు నుంచి ఒక సేవాసంఘం పెంకులు పంపింది. గుడివాడ దగ్గర బట్టీలో కాల్చినవి. మూడు లారీలు. కూలిన ఇళ్ళన్నిటికీ సమానంగా, అని ఉత్తరం. చలానా మీద 'సుమారు పది వేలు' అని రాత.

సుమారు.

ఆ మాటలో అప్పటికే ఒక కంత ఉంది.

లారీలు కరకట్ట మీద ఆగాయి. కట్ట నుంచి బడి ఆవరణ దాకా ఫర్లాంగు బురద. మోసింది అవతలి ఏడు ఇళ్ళవాళ్ళు. ఇవతలి డెబ్బై మూడు ఇళ్ళకీ ఆ వారం నడుం నొప్పి.

ముందు నడిచింది మార్తమ్మ. ఉప్పుమళ్ళలో పని, కాలవ అవతల ఆఖరి గుడిసె. మనిషికి యాభై ఏళ్ళుంటాయి. మెడ మాత్రం ఇరవై ఏళ్ళది. తలకి ఎనిమిది పెంకులు. తొమ్మిది పెడితే ఒప్పుకోదు. ఏడు పెట్టినా ఒప్పుకోదు. తనదే కాదు, ఎవరి మోపైనా అంతే. మోపు దిగగానే కాలవ గట్టున ఏరుకొచ్చిన తెల్ల గుల్ల ఒకటి కుండలో వేసేది.

టక్.

ఎనిమిది పెంకులు, ఒక గుల్ల. ఎనిమిది పెంకులు, ఒక గుల్ల. నాలుగు రోజులు ఆ చప్పుడే. బురదలో పీతలు కూడా ఆ తాళానికే నడిచాయి.

టక్.

విరిగిన వాటిని లారీలోనే వదిలెయ్యమన్నాడు ప్రెసిడెంటు భుజంగరావు. తెల్ల పంచె, నల్ల గొడుగు, పంపకాల సంఘానికీ ఆయనే పెద్ద.

"విరిగింది పెంకు కాదు" అన్నాడు.

ఆ మాట అందరూ విన్నారు. నేను కాస్త ఎక్కువ విన్నాను.

లెక్కపెట్టడానికి గుడివాడ నుంచి ఆయన మేనల్లుడు పిచ్చేశ్వరరావు దిగాడు. ఇస్త్రీ చొక్కా. జేబులో మూడు పెన్నులు. మూడూ రాయవు. రెండు రోజులు పెంకు పెంకుకీ వేలు ఆనిస్తూ బడి ఆవరణంతా నడిచాడు. వందకో సుద్ద గీత. పక్కన ఎవరూ మాట్లాడకూడదు. దగ్గినవాణ్ణి అవనిగడ్డ పంపేశారు. కాకులు అరవాలనుకుంటే కోడూరు వెళ్ళి అరిచి వచ్చాయి.

మూడో రోజు పొద్దున్న కాగితం మీద సంఖ్య ఎక్కింది.

పది వేల ఒకటి.

*

మా ఊరికి ఒక కట్టు ఉంది. చేపల పంపకంలో పుట్టింది. చేప ఆగదు, కుళ్ళిపోతుంది. గొడవ లేకుండా పొద్దుగూకే లోపు పంచెయ్యాలి. అందుకని పెట్టుకున్నారు.

మిగిలితే చెల్లదు.

తగ్గితే చెల్లదు.

చెల్లకపోతే పంచినదంతా వెనక్కి తెచ్చి పోసి, మళ్ళీ పంచాలి.

ఎవరి వాటా వాళ్ళు నలుగురి ముందూ పైకి లెక్కపెట్టుకోవాలి. ఆఖరి వాటా అందుకున్నవాళ్ళు 'చెల్లింది' అనాలి. అన్నాక ఇంకెవరూ నోరెత్తకూడదు. మొత్తాన్ని మాత్రం ఒకసారే లెక్కపెట్టాలి. రెండోసారి లెక్కపెడితే తరుగుతుంది.

ఎందుకు తరుగుతుందో అడిగినవాడు లేడు. అడిగితే వాడు తరుగుతాడని భయం.

భుజంగరావు నన్ను పిలిపించాడు. నాకు పంతొమ్మిది. బందరులో బీఎస్సీ, లెక్కలు, రెండో ఏడు. నా పేరు సరోజ అని ఊళ్ళో కొందరికే తెలుసు. మిగతావాళ్ళకి నేను ధనమ్మ గారి కోతిని. పోస్టు డబ్బాలో బతికున్న పీతని వేసింది నేనే. పోస్టుమాన్ చూపుడువేలు ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది.

"ఏమ్మా కోతీ, చదువుకున్నదానివి. ఎనభైతో భాగించి చూడు."

బడి నల్లబల్ల. నా చేతిలో సుద్ద. కిటికీల నిండా ఊరు.

నూట పాతిక. శేషం ఒకటి.

"ఒకటి మిగిలింది మావయ్య గారూ."

"మిగిలితే?"

"చెల్లదండి."

"ఓసారి డెబ్బై మూడుతో చెయ్యి. ఊరికే. సరదాకి."

చేశాను. నూట ముప్ఫై ఏడు. శేషం సున్నా. ఎంత గుండ్రని సున్నా అది! పరీక్షల్లో నాకొచ్చినవి కూడా అంత గుండ్రంగా లేవు.

నాకు ముచ్చటేసింది. ఇంత పెద్ద సంఖ్యకి ఇద్దరే ఇద్దరు. వాళ్ళలో ఒకడు మా ఊళ్ళోనే దొరికాడు.

"అబ్బ, ఎంత బావుందో!" అన్నాను.

పైకే అన్నాను.

భుజంగరావు రెండు చేతులూ పైకెత్తి జనం వైపు తిరిగాడు.

"నేనన్నానా? నా నోటితో ఒక్క మాటన్నానా? లెక్క చెప్పింది. ఆ పిల్ల చెప్పింది."

జనం నవ్వారు. డెబ్బై మూడు ఇళ్ళ నవ్వు. ఆ నవ్వుకి నల్లబల్ల మీద సుద్దపొడి రాలింది.

కిటికీ బయట, అందరి వెనక, మార్తమ్మ. మెడ నిటారుగా. చంకలో గుల్లల కుండ.

"తలకెనిమిదమ్మా" అంది నాతో. "ఆఖరి మోపుక్కూడా ఎనిమిదే. ఈ ఒకటి ఎక్కణ్ణించొచ్చింది?"

ఎనిమిదులు ఎన్ని కలిపినా చివర ఒకటి రాదు. వంద కలిపినా రాదు, వెయ్యి కలిపినా రాదు. అది మూడో తరగతి లెక్క.

నేను వినలేదు.

నేను బీఎస్సీ.

*

ఆ రోజంతా ఆ సంఖ్య నా వెనక తిరిగింది. అన్నంలో ఉంది. కాలవ నీళ్ళలో ఉంది. మడచెట్ల వేళ్ళు బురదలోంచి ఒకట్లలాగా నిలబడి చూశాయి. దాని కోపానికి నాగాయలంక రేవులో పంటు రెండుసార్లు బయల్దేరి రెండుసార్లు వెనక్కి తిరిగింది.

మార్తమ్మ మీద ప్రేమ అనుకుంటే నాకు మంచి పేరు వస్తుంది. కాదు. భుజంగరావు మీద కక్ష. నా సుద్దతో, నా నోటితో, నా ముచ్చటతో ఏడు ఇళ్ళని కాలవలోకి తోసి, చేతులు దులుపుకున్నాడు.

నన్ను కోతి అన్నాడు కదా.

మర్నాడు ఆదివారం. మిట్టమధ్యాహ్నం. పంపకానికి సంఘం కూర్చుంది. డెబ్బై మూడు పేర్ల కాగితం బల్ల మీద, ఎగిరిపోకుండా దాని మీద తమలపాకుల పళ్ళెం.

నేను నడుచుకుంటూ వెళ్ళాను. పైవరసలోంచి ఒక పెంకు తీశాను. రెండు చేతులతో తలపైకి ఎత్తాను. అందరూ చూసేదాకా ఆగాను.

బడి మెట్టు మీద వదిలేశాను.

రెండు ముక్కలు.

"విరిగింది పెంకు కాదు మావయ్య గారూ. మీ మాటే. ఇప్పుడు పది వేలు. ఎనభైతో భాగించండి. ఊరికే. సరదాకి."

గాలి ఆగింది. సముద్రం ఆగింది. పులిగడ్డ దగ్గర కృష్ణ కూడా ఏం జరిగిందో కనుక్కుందామని కాసేపు నిలబడింది.

ఆయన నల్లబల్ల వైపు చూశాడు. మెట్టు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఆ చూపుకి బట్టీలో ఇంకో లక్ష పెంకులు కాలి ఉండేవి.

కట్టు కట్టే. మాట మాటే.

ఎనభై పేర్ల కాగితం మళ్ళీ బయటికొచ్చింది.

ఇంటికి నూట పాతిక. ఇవతలి డెబ్బై మూడు ఇళ్ళకీ పన్నెండేసి పెంకులు తగ్గాయి. మొత్తం ఎనిమిది వందల డెబ్బై ఆరు. అవతలి ఏడు ఇళ్ళకీ నూట పాతిక చొప్పున ఎనిమిది వందల డెబ్బై ఐదు. మిగిలిన ఆ ఒక్కటీ మెట్టు మీద రెండు ముక్కలై పడి ఉంది.

ఎక్కడా అతుకు కనపడని లెక్క.

లెక్క అంత అందంగా కుదిరినప్పుడే నాకు భయం వెయ్యాల్సింది.

"పన్నెండు పెంకులే!" అంది అమ్మ. "వంటింటి మూల ఎవడు కప్పుతాడే? నీ మొగుడా?"

"ఇంకా రాలేదుగా."

"వస్తే వాణ్ణి ఆ మూలే కూచోబెడతా. తడవనీ."

ఆ పూట నుంచి ఇవతలి ఇళ్ళ కుక్కలు నన్ను చూసి మొరగడం మానేశాయి. అంత కోపం.

*

మా వైపు ఏది కొలిచినా, ఏది లెక్కపెట్టినా మొదటిదాన్ని 'ఒకటి' అనరు. 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు... ధాన్యమైనా అంతే, చేపలైనా అంతే.

ఆ మధ్యాహ్నమంతా బడి ఆవరణలో అదే పాట.

లాభం, రెండు, మూడు...

ఒక్కో ఇల్లూ వచ్చి, ఒక్కో ఇల్లూ పైకి లెక్కపెట్టుకుని, నావైపు ఒక్కో చూపు విసిరి పెంకులు మోసుకెళ్ళింది. ఇప్పుడు ఎవరి నడుమూ నొప్పి లేదు. కుప్ప తరిగింది. నేల మీద ఎర్రపొడి, పెంకుల అంచుల గీతలు. ఎండ వాలింది. పోటు నీరు కాలవలోకి ఎక్కి, చూసి, దిగిపోయింది.

లాభం, రెండు, మూడు...

డెబ్బై ఎనిమిది. డెబ్బై తొమ్మిది.

ఎనభైయవ ఇల్లు మార్తమ్మది.

కుప్ప ముందు గొంతుక్కూర్చుంది. ఒక్కో పెంకూ తీసి, వెనక్కి పెట్టి, పైకి చెప్పింది. గొంతులో తొందర లేదు. ఆ గొంతు నాలుగు రోజులు ఆ పెంకుల్ని మోసిన గొంతు. ఒక్కొక్కటీ తెలుసు దానికి.

"...నూట ఇరవై రెండు. నూట ఇరవై మూడు. నూట ఇరవై నాలుగు."

చెయ్యి ముందుకి చాచింది.

నేల.

పది వేలలోంచి ఏమీ పోలేదు. పది వేల ఒకటిలోంచి కదా ఒకటి పోయింది. మరి...

తలకెనిమిదమ్మా.

ఒక్కసారిగా వినపడింది. అప్పుడు అన్న మాట. ఒక రోజు ఆలస్యంగా, కిటికీ దాటి, నవ్వులు దాటి, బీఎస్సీ దాటి.

మొదటి నుంచీ పది వేలే. మెతక మనిషే. నేను దాన్ని విరగ్గొట్టాను.

ఆ గోడకి ఇటు పక్క ఇంకో ఇల్లుందని నేను చూళ్ళేదు. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. అన్నీ తొమ్మిదులే, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వినట్టు. ఎనభైకి పంచితే డెబ్బై తొమ్మిది మిగులుతాయి. డెబ్బై మూడుకి పంచితే డెబ్బై ఒకటి మిగులుతాయి. మిగిలిన వాటిని విరగ్గొట్టెయ్యొచ్చు. ఆ దారి ఊరికి చూపించింది నేనే. ఏ పంపకంలో తక్కువ విరుగుతాయి అని ఆయన అడుగుతాడు. డెబ్బై ఒకటే తక్కువ అని నల్లబల్ల చెబుతుంది.

సుద్ద మళ్ళీ నా చేతికే ఇస్తారు.

కుర్చీలోంచి భుజంగరావు మెడ సాగింది. "ఏం మార్తమ్మా, ఆగావేం? ఎంతైంది?"

మార్తమ్మ తల తిప్పలేదు. కొంగు సర్దుకున్నట్టు ముందుకి వంగింది. కొంగు కింద, ఉత్త నేల మీద, వేలు ఆనించింది. మెల్లిగా, పెంకుని తాకినట్టే తాకింది. తీసి వెనక్కి పెట్టినట్టే పెట్టింది.

"నూట పాతికండి."

లేచి నిలబడింది. మెడ నిటారుగా.

"చెల్లింది."

ఎవరూ నోరెత్తలేదు.

భుజంగరావు కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆ సగంలోనే కాసేపు ఉండిపోయాడు. తర్వాత గొడుగు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మెట్టు మీది రెండు ముక్కలూ ఏరి పట్టుకెళ్ళాడు. ఒకటి ఆయన అరుగు మీద ఉంది. రెండోది కుర్చీ కోడు కింద ఎత్తుకి పెట్టుకున్నాడు.

మార్తమ్మ చేసింది నేను చూశాను.

నేను చూడటం మార్తమ్మ చూసింది.

*

కుండలో గుల్లలు లెక్కపెట్టాను. ఆమె గుడిసె ముందు కూర్చుని, పదేసి వరసలుగా పేర్చి. వద్దనలేదు, రమ్మనలేదు. పన్నెండు వందల యాభై. ఎనిమిదితో హెచ్చవేశాను. కాగితం అక్కర్లేదు, అయినా కాగితం మీదే వేశాను. నాలుగు సున్నాలు వచ్చాయి. కళ్ళు తెరిచి నావైపు చూశాయి.

మర్నాడు బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. బస్టాండు పక్క టీ కొట్టులో దొరికాడు పిచ్చేశ్వరరావు. జేబులో ఇప్పుడు నాలుగు పెన్నులు.

"బావా, ఈ బల్ల మీద గ్లాసులు లెక్కపెట్టు."

"నాలుగు. ఏం?"

"అలా కాదు. మా ఊళ్ళో పెంకులు లెక్కపెట్టినట్టు."

వెటకారమేమో అని నా మొహం చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి, గాలికి దణ్ణం పెట్టాడు.

"లాభం."

కళ్ళు తెరిచాడు. మొదటి గ్లాసు మీద వేలు పెట్టాడు.

"రెండు. మూడు. నాలుగు. ఐదు."

ఆగాడు. గ్లాసుల వైపు చూశాడు. వంగి బల్ల కింద చూశాడు. టీ కొట్టువాణ్ణి అనుమానంగా చూశాడు.

"ఐదోది ఏదీ?"

"నువ్వే తాగావు బావా."

"మా తాతయ్య అలాగే అనేవాడు. ముందు లాభం అనాలి, తర్వాత రెండు. నా చిన్నప్పుడు కళ్ళంలో చూశాను."

"లాభం అంటే మొదటి బస్తా. దాని మీద చెయ్యి వేసే అని ఉంటాడు. దణ్ణం పెట్టి ఉండడు."

"నేను అరుగు మీంచి చూశాలే. దూరం."

టీ చల్లారింది. నాలుగు గ్లాసుల టీ. లేని ఐదో గ్లాసు కూడా చల్లారింది.

"అయినా ఒకటే కదా" అన్నాడు.

"ఒకటే."

"మావయ్యకి చెప్పకు."

చెప్పాలనే ఊరికి బయల్దేరాను. బస్సులో కూర్చున్నాక లెక్క వేశాను. నిజం చెబితే — మొత్తం పది వేలు, విరిగింది ఒకటి, ఉన్నవి తక్కువ. తగ్గితే చెల్లదు. ఏడు ఇళ్ళ కప్పులూ దిగుతాయి. చెప్పకపోతే — ఒక కంత.

అబద్ధంతో ఏడు ఇళ్ళు నిలబడ్డాయి. నిజంతో కూలతాయి.

ఆ సంఖ్య అంతే. లేకపోయినా గుమ్మంలో నిలబడుతుంది.

బస్సు దిగి మళ్ళీ వెనక్కెళ్ళి, పెదపారుపూడి దారిలో ఒక బట్టీలో ఒక్క పెంకు అడిగాను. ఒక్క పెంకు ఎవరూ అమ్మరు. నవ్వి ఊరికే ఇచ్చారు. ఒళ్ళో పెట్టుకుని ఊరు దాకా తెచ్చాను. పసిపిల్లనుకుని కండక్టరు సీటు ఇప్పించాడు.

మార్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో కొట్టింది. మంచి చప్పుడు.

"రంగు పలచన" అంది. "నూటిరవై నాలుగు ఒక రంగు, ఇదొక రంగు. కట్ట మీద నించున్నోడికి కూడా కనపడద్ది. ఎప్పుడెట్టావ్, ఎందుకెట్టావ్ అంటారు. తీసుకెళ్ళు."

"నావల్లే కదా మార్తమ్మత్తా..."

"నీవల్లే. ఎవరు కాదన్నారు?"

నేను ఏడుస్తానేమో అని ఒక్క క్షణం చూసింది. తర్వాత సత్తు గిన్నె తీసి కంత కింద పెట్టింది. జరిపింది. మళ్ళీ కొంచెం జరిపింది.

"పది వేలు మేం మోశాం. నువ్వు ఒక్కటి మోసుకెళ్ళలేవా?"

*

భుజంగరావు మొదటి వానకే వచ్చాడు. నల్ల గొడుగు వేసుకుని, పదిహేనేళ్ళలో మొదటిసారి కాలవ దాటి. గుమ్మం దగ్గర నిలబడి పైకి చూశాడు. నేను లోపలే ఉన్నాను. నన్ను చూడనట్టే చూశాడు.

"ఏం మార్తమ్మా, ఆ కంతేంటి?"

"వెలుతురికి వదిలానండి. ఇంట్లో చీకటిగా ఉంటంది."

"వాన పడద్ది కదా."

"పడనియ్యండి."

"మా ఇంట్లో ఓ పెంకు ఎక్కువుంది. పంపనా?"

తీసుకుంటే తగ్గిందని ఒప్పుకున్నట్టు. ఆయన గొంతు అటక మీద పిల్లి నడిచినట్టు నడిచింది.

"మాకు చెల్లిందండి" అంది మార్తమ్మ.

ఆయన వెళ్ళలేదు. గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఆయనకి తెలుసో, తెలియదో. తెలిసి ఎదురుచూస్తున్నాడో, తెలియక ఎదురుచూస్తున్నాడో. తర్వాత కట్ట మీదికి వెళ్ళాడు. అప్పటి నుంచీ వాన పడిన ప్రతిసారీ కట్ట మీద ఒక నల్ల గొడుగు. కప్పు వైపు మొహం.

వాన పడిన ప్రతిసారీ నేను బందరు నుంచి బస్సెక్కుతాను. కాలేజీలో మా అమ్మకి జబ్బని చెబుతాను. నా లెక్క ప్రకారం మా అమ్మకి ఈ ఏడు పదకొండు జబ్బులు. వచ్చి ఇక్కడ కూర్చుంటాను. మార్తమ్మ కూర్చోమనదు. పొమ్మనదు. గిన్నె నిండితే కళ్ళతో చూపిస్తుంది. నేను పారబోస్తాను.

నా మంచం కింద, హాస్టల్లో, పలచన రంగు పెంకు ఒకటి.

ఆయన అరుగు మీద సగం. కుర్చీ కింద సగం.

ఇక్కడ, ఒక పెంకంత ఆకాశం.

వీటిలో ఏది పది వేల ఒకటోదో నాకు తెలియదు.

ఈ పూట వాన బాగా ఉంది. మడచెట్లు కనపడటం లేదు. కట్ట కనపడటం లేదు. గొడుగు మాత్రం కనపడుతోంది. గిన్నె ఇప్పుడే పారబోసి పెట్టాను. ఖాళీ. కంత అంచున నీళ్ళు పోగవుతున్నాయి... బరువెక్కుతున్నాయి... వేలాడుతున్నాయి.

లాభం, అన్నాను.

చుక్క ఇంకా పడలేదు.

మార్తమ్మ తిరిగి నా వైపు చూసింది.

టప్.